నీలం దారం చుట్టిన ఫ్యూజు

తిరువూరుకి లైను కరెంటు వచ్చిన కొత్తలో, ఒక మధ్యాహ్నం. రైసుమిల్లు వెనకే ఉన్న పెంకుటింటి హాలు. పాత ట్యూబులైటు మార్చడానికి మిల్లు షావుకారు వెంకటప్పయ్య దూలం ఎక్కుతున్నాడు. కింద నిచ్చెన పట్టుకుని అతని భార్య బాలామణి.

"గట్టిగా పట్టుకోవే! ఊగుతోంది."

"పట్టుకున్నానండీ."

"ఏం పట్టుకున్నావు, చచ్చు పట్టూ నువ్వూనూ! రెండు చేతులూ వెయ్యి."

"ఎడం చెయ్యి ఇంకా పైకి లేవట్లేదండీ. కుడిచేత్తోనే..."

"మళ్లీ ఆ చెయ్యి సంగతి ఎత్తావంటే ఇక్కణ్నుంచే తంతా. ఆఁ, ఎక్కేశాను. ఇక వదిలెయ్యి. అబ్బబ్బ, ఏం దుమ్మే ఈ దూలం మీద! ఏళ్ల తరబడి చీపురు తగిలినట్టు లేదు. నీకు కాపరం ఒకటి!"

"అంత ఎత్తు నాకెక్కడ అందుతుందండీ. అసలు ఈ లైటు ఇవాళే మార్చాలా? ఫ్యూజు పెడితే ఇదే వెలుగుతుంది కదా."

"వెలగడమా అది? స్విచ్చి వేస్తే వెలగాలా వద్దా అని ఆలోచించుకుంటుంది. వెలిగాక జుయ్యిమని ఒకటే మోత. మిల్లుకి డైనమో పెట్టినప్పుడు మద్రాసు నుంచి తెప్పించాను. అప్పుడు ఊరు ఊరంతా గుమ్మంలో నుంచుని నోళ్లు తెరుచుకు చూశారు. ఇప్పుడేమో బస్సులు ఆగే చోట ఆ కాఫీ హోటలువాడు కూడా దీనికంటే మంచి లైటు పెట్టాడు. సాయంత్రం బెజవాడ నుంచి మిల్లర్లు భోజనానికొస్తున్నారు. పెద్దమనుషుల్ని తెచ్చి ఈ కన్నుగొట్టే లైటు కింద కూర్చోబెట్టమంటావా?"

"అదేం లేదండీ."

"లేదూ? మరి నోరు మూసుకో. ఆ రహమత్‌బీ పోయిందా? పొద్దున్నించీ వసారాలో బైఠాయించింది."

"వెళ్లమని చెప్పానండీ."

"ఏమంటుంది?"

"ఏమంటుంది... 'మా ఆయనేడమ్మా' అంటుంది. 'మొన్న మీ ఇంటికే కదమ్మా లైటు పనికొచ్చాడు, మళ్లీ ఇంటికి రాలేదు' అంటుంది. మొన్నట్నించీ అదే మాట."

"చెప్పాంగా బెజవాడ పోయాడని! అక్కడ కొత్త ఇళ్లకి వైరింగు పని దొరుకుతుందన్నాడు, పోయాడు. పెళ్లానికి చెప్పకుండా పోయే మొగుడు ఈ మదార్ ఒక్కడేనా ఊళ్లో?"

"సామాన్ల సంచి వదిలేసి పోయాడాండీ?"

"ఏ సంచి?"

"ఇప్పుడు మీ చేతిలో ఉన్న పట్టకారు ఆ సంచిలోదేగా."

"తొందర్లో మర్చిపోయాడు. నీకెందుకే అవన్నీ? ట్యూబు బిగించిన ఆ కొత్త రేకు అందియ్యి. తాడు కట్టు, లాగుతా. మెల్లిగా! తగిలితే పగుల్తుంది. ...ఆఁ. వచ్చింది. ఇందులో ఏముందే బ్రహ్మవిద్య? వాడు చేస్తుంటే చూశాను. పాతది ఊడబీకు, రెండు వైర్లు విప్పు, ఆ రెండూ కొత్తదానికి చుట్టు. దీనికోసం వాడి చుట్టూ తిరగాలా?"

"పాతది కూడా ఒళ్లోనే పెట్టుకున్నారు, జారుతుందేమో."

"నా ఒళ్లు, నా లైటు. ఛీ, ఈ వైరు చూడు! పైన గుడ్డంతా ఎలకలు కొరికేశాయి. ముట్టుకుంటే పొట్టు పొట్టుగా రాలిపోతోంది. దూలం పొడుగునా రాగి బయటపడి ఉంది. నేను దానిమీదే కూర్చున్నాను. ఫ్యూజు గనక బోర్డులో ఉండి ఉంటే ఈపాటికి మాడి మసయ్యేవాణ్ణి."

"అవునండీ."

"ఏంటి అవునండీ? ఫ్యూజు జాగ్రత్తగా పెట్టావా?"

"జాగ్రత్తయిన చోటే పెట్టానండీ."

"నేను దిగి, పెట్టు అంటే అప్పుడు వసారాలోకి వెళ్లి పెట్టాలి. అంతదాకా ఆ బోర్డు జోలికెళ్లకు. అదిసరే, వసారా తలుపు బార్లా తెరిచి పెట్టావెందుకు?"

"ఇక్కడి మాట అక్కడికి వినపడాలి కదండీ."

"హుఁ. మొదటిసారి బుర్ర వాడావు."

"మదార్ అయితే ఫ్యూజు ఎవరికీ ఇచ్చేవాడు కాదు."

"ఏంటీ?"

"ఫ్యూజండీ. పీకి తన చొక్కా జేబులో వేసుకునేవాడు, ఆ తర్వాతే నిచ్చెన మీద కాలు పెట్టేవాడు. మనింట్లో ఎప్పుడు పని చేసినా అంతే. ఒకసారి అడిగాను కూడా. 'నేను పైనున్నంతసేపూ ఇది నా ఒంటిమీదే ఉండాలమ్మా, నా పెళ్లాం చేతికైనా ఇవ్వను' అని నవ్వాడు."

"వాడికి చొక్కా ఉంది, జేబుంది. బనీనుకి జేబు కుట్టించుకోమంటావా నన్ను? పంచెలో దోపుకుంటే జారిపోతుంది. అందుకే నీకిచ్చాను. పెళ్లాం ఉన్నదెందుకు?"

"మొన్న కూడా జేబులోనే వేసుకున్నాడు."

"అయితే?"

"ఫ్యూజు జేబులో పెట్టుకునే బెజవాడ పోయాడు దొంగవెధవ అని మీరే అన్నారు. అందుకేగా మొన్నట్నించీ మనిల్లు చీకటి."

"అన్నాను. అయితే ఏంటంట?"

"మరి ఇవాళ ఎట్లా వచ్చిందండీ?"

"మిల్లులో ఇంకోటుంది. అది తెచ్చాను."

"దీనికి నీలం దారం చుట్టి ఉంది. పోయిన వానలప్పుడు ఇది నా చేతిలోంచి జారి పింగాణీ చిట్లింది. మీకు చెప్తే కొడతారని మదార్‌ని బతిమాలుకున్నాను. కొత్తది బెజవాడలోగానీ దొరకదన్నాడు. రహమత్‌బీ జాకెట్లు కుట్టే దారం తెచ్చి గట్టిగా చుట్టి, లక్క పూసి ముడేశాడు. ఆ ముడి మీద నా వేలిముద్ర కూడా ఉంది. వేలు కాలితే నవ్వాడు. ఆ ఫ్యూజే ఇది."

"లోకంలో నీలం దారం అదొక్కటేనా?"

"మదార్ జేబులో ఉన్నది మీ చేతికెలా వచ్చిందండీ?"

"బాలామణీ, నేను దిగానంటే నీకు మర్యాదగా ఉండదు."

"మదార్ ఎక్కడున్నాడు?"

"దిగుతున్నా. ఇవాళ నీ తోలు ఒలిచి ఆ గుమ్మానికి కడతా. చెయ్యి లేవట్లేదన్నావుగా, రెండోది కూడా లేవకుండా చేస్తా. కాలు... నిచ్చెనేదే? కాలికి తగలట్లేదు. నిచ్చెనేదీ?"

"తీసేశానండీ."

"తీసేశావా?"

"మీరు దుమ్ము గురించి తిడుతున్నప్పుడే. ఒక్క చేత్తోనే ఈడ్చి గోడ పక్కన పడేశాను."

"పెట్టు. మర్యాదగా తెచ్చి పెట్టు."

"మదార్ ఎక్కడ?"

"పెట్టవే! నిన్ను... ఇదిగో, ఇది తిను ముందు!"

"అమ్మా!"

"తగిలిందా? బాగా తగలాలి. ఆ పాత ట్యూబు ఇన్నాళ్లకి పనికొచ్చింది. ముక్కలు మొహానికి కూడా గుచ్చుకోవాల్సింది."

"కాలికండీ. మడమ పైన. నెత్తురు బాగానే వస్తోంది. ఫర్వాలేదు, అలవాటేగా. చూసుకోండి, గాజంతా మీరు దూకాల్సిన చోటే పడింది."

"దూకుతా. గాజుకి భయపడతాననుకున్నావా? దూకి, ఆ ముక్కలే నీ గొంతులో..."

"దూకండి. అంతెత్తు నుంచి ఉత్తకాళ్లతో. మోకాళ్లు మిగిల్తే వచ్చి కొట్టండి. కానీ కదిలే ముందొకటి చూసుకోండి. మీ తొడ కిందొక వైరుంది, చంక కిందొకటి. ఇంకా రెండు మీరే ఒలిచి ఒళ్లో రేకుకి చుట్టుకున్నారు. ఒళ్లంతా చెమట."

"కరెంటు లేదుగా!"

"ఇప్పుడు లేదు. ఫ్యూజు పెడితే వస్తుంది."

"ఏమన్నావే?"

"మీరు విన్నారు."

"మొగుణ్ణి... కట్టుకున్న మొగుణ్ణి! ఆ సాయిబు కోసం? ఎన్నాళ్లనుంచీ సాగుతోందే మీ ఇద్దరి మధ్యా?"

"అట్లా అనుకుంటే మీకు సుఖంగా ఉంటుంది. ఆయనకి నేను అమ్మగార్ని. కాఫీ ఇచ్చాను, అంతే."

"కాఫీ కాదే, ఇంటి గ్లాసులో ఇచ్చావు! నేను తాగే గ్లాసులో! వాళ్లకని వసారా గూట్లో వేరే గ్లాసు లేదూ? మా అమ్మ పెట్టిన గ్లాసు. ఎవడొచ్చినా అందులోనే తాగాలి. నీకు తెలీదా?"

"ఆ గ్లాసుకి లోపలంతా చిలుము పట్టింది. ఎండవేళ పైకెక్కి చెమటలు కక్కే మనిషికి అందులో పొయ్యబుద్ధి కాలేదు. తోమి పెట్టడానికి పొద్దుచాల్లేదు. మీరొచ్చి చూశారు. ఆ చేతికందిన రేకుతోనే కొట్టారు, ఈ లైటు రేకుతోనే. ఇదిగో ఈ భుజం మీద. మళ్లీ ఎత్తారు. తలమీదకి ఎత్తారండీ, నేను చూశాను. చచ్చిపోతాననుకున్నాను."

"చావలేదుగా."

"మదార్ దిగి పట్టుకున్నాడు కాబట్టి. 'వద్దు షావుకారు గారూ' అన్నాడు. అదొక్క మాటే. గట్టిగా కూడా అన్లేదు."

"నా ఇంట్లో! నా హాల్లో! నా పెళ్లాం మీద ఎత్తిన చెయ్యి! వెంకటప్పయ్య చెయ్యి పట్టుకున్నాడు, ఒక వైర్లు లాగేవాడు! ఊళ్లో తెలిస్తే నేను మళ్లీ మిల్లు గద్దె మీద కూర్చోగలనా? కూలివాళ్లు నా మొహం చూసి నవ్వరా?"

"ఎవరికీ తెలీదు. నేను చెప్పలేదు. ఆయన కూడా చెప్పేవాడు కాదు."

"వాడికి తెలుసుగా! నీకు తెలుసు. అది చాలదా?"

"అందుకని ఏం చేశారు? మర్నాడే మిల్లు మూసేశారు. బెల్టు తెగిందన్నారు. తెగిందా?"

"తెగలేదు."

"మదార్‌ని ఊక కొట్లో పెట్టారా?"

"ఎవరు చెప్పారే?"

"రాత్రి వంటింటి వెనక, ఆ కొట్టు వైపునుంచి మూలుగు వినపడింది. పిల్లి ఈనుతోందనుకున్నాను. దేవుడా, పిల్లి అనుకుని పక్కకి తిరిగి పడుకున్నాను!"

"నువ్వు పడుకోవడంలో గట్టిదానివేగా."

"చెప్పండి. ఏం చేశారు?"

"చెప్తే నిచ్చెన పెడతావా?"

"చెప్పండి."

"డబ్బులిస్తా రమ్మని మిల్లుకి తీసుకెళ్లాను. నమ్మి నా వెనకే వచ్చాడు. పైగా 'అమ్మగారికి పసుపు కాచి పట్టెయ్యండి' అని నాకు సలహా! ఊక కొట్లోకి రాగానే తలుపేశాను. గింజలు తోసే పార ఉందే, దాని కర్రతో. ఏ చేత్తో పట్టుకున్నాడో ముందు ఆ చేతిమీద. ఎముక విరిగిన చప్పుడు ఎట్లా ఉంటుందో తెలుసా నీకు? ఎండు వెదురు విరిచినట్టు ఉంటుంది. అప్పుడు అరిచాడు. మిల్లు ఆడుతోందిగా, ఎవడికి వినపడుతుంది?"

"చాలండీ."

"చాలా? అడిగావుగా, విను! రెండో చేత్తో కాళ్లు పట్టుకున్నాడు. ఆ చెయ్యీ విరిచాను. ఇక నిచ్చెనెట్లా ఎక్కుతాడో చూస్తా, వైరెట్లా పట్టుకుంటాడో చూస్తా. తర్వాత కాళ్లు, డొక్కలు. ఊపిరాడక నేనే ఆపాను. ఆ దెబ్బలకి జేబులోంచి ఫ్యూజు పడింది. కొత్తది కొనడం దండగెందుకని తెచ్చుకున్నాను. ఆడదానికి ఫ్యూజుల సంగతేం తెలుస్తుందిలే అనుకున్నాను."

"బతికే ఉన్నాడు కదా? మంచినీళ్లైనా ఇచ్చారా?"

"నీళ్లెందుకు? ఎట్లాగూ పోయేవాడికి?"

"పోయేవాడేంటండీ? ఎక్కడికి పోయేవాడు?"

"పొద్దుగూకాక ఊక లారీ వినగడప వైపు పోతుంది. ఊక కింద ఏముందో డ్రైవరుకే తెలుసు. అక్కడ కట్టలేరు వాగు వానలకి నిండుగా పారుతోంది."

"అయ్యో!"

"ఏడుపెందుకే? ఆ సమయానికి నేనెక్కడుంటాను? ఇక్కడుంటా. బెజవాడ మిల్లర్ల మధ్య పీట వేసుకుని, నెయ్యి పోసుకుని అన్నం తింటుంటా. లైటు తెల్లగా పట్టపగల్లా వెలుగుతుంటుంది. ప్రతివాడికీ నా మొహం కనపడుతుంది. రేపెవడైనా వచ్చి అడిగితే ఆ పెద్దమనుషులంతా చెప్తారు, వెంకటప్పయ్య మాతోనే ఉన్నాడని."

"అందుకా ఇవాళే ఈ కొత్త లైటు?"

"అందుకే. చీకట్లో భోజనం పెడితే ఎవడెప్పుడు లేచి వెళ్లాడో ఎవడికి తెలుస్తుంది? నీకు బుర్ర లేదు గానీ నాకుంది."

"తాళం ఇవ్వండి."

"ఏ తాళం?"

"ఊక కొట్టుది. మొలతాడుకి కట్టుకున్నారు. మొన్నట్నించీ స్నానానికి కూడా విప్పట్లేదు. తీసి కింద పడెయ్యండి."

"లేకపోతే?"

"లేకపోతే ఫ్యూజు..."

"పెడతావా? పెట్టవే. పెట్టు చూద్దాం."

"తాళం ఇవ్వండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు పట్టుకుంటావో, ఫ్యూజు పెడతావో ఏదో ఒకటి తేల్చుకో! నన్ను చంపాక నీ గతేంటో తెలుసా? ఆ మొహాన బొట్టుండదు. విస్సన్నపేటలో మీ అన్న మధుసూదనరావు గడప తొక్కనిస్తాడా? ఒళ్లంతా వాతలతో వెళ్లావు ఒకసారి. ఏం చేశాడు? తనే బస్సెక్కించి, కండక్టరుకి అప్పజెప్పి పంపాడు. మళ్లీ వెళ్లావు. ఈసారి బస్సు దాకా కూడా రాలేదు."

"గుర్తుందండీ."

"మరి? ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఎదురు తిరిగావా? అన్నంలో ఇంత విషం కలపడానికి చేతకాలేదు నీకు. పక్కన కత్తిపీట పెట్టుకుని కూర్చునేదానివి, నేను జుట్టు పట్టుకుంటే కత్తిపీట పక్కకి జరిపేదానివి, నాకెక్కడ తగులుతుందోనని! నాకు తెలీదనుకున్నావా? నవ్వుకునేవాణ్ణి."

"నిజమే. జరిపేదాన్ని."

"నువ్వా నన్ను చంపేది! అసలు బోర్డు వసారాలో ఉంటే ఇక్కడ నా కింద నుంచుని బెదిరిస్తావేంటే? పో. వసారాలోకి పో. పెట్టు. ఆ ఫ్యూజు కింద పడేసి ఏడుస్తావు."

"తాళం ఇవ్వండి. బతికుంటే ఆస్పత్రికి తీసుకెళ్తాం. మీ పేరు చెప్పం. లారీ గుద్దిందని చెప్తాం. పిల్లలమీద ఒట్టు... మనకి పిల్లల్లేరు గానీ, దేనిమీదంటే దానిమీద ఒట్టు."

"తీసుకెళ్తాం! ఎవరే, నువ్వూ ఎవరూ? తాళమెందుకు నీకు? శవాన్ని ముందేసుకుని ఏడవడానికా?"

"శవమా?"

"పొద్దున వెళ్లి చూశా. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నోట్లో ఊక, మొహంనిండా ఈగలు. పోయాడు. విన్నావా? మదార్ పోయాడు! నేనే చంపాను. నా చెయ్యి పట్టుకున్నవాణ్ణి చంపాను. ఇప్పుడేం చేస్తావు? వెళ్లు, వెళ్లి ఫ్యూజు పెట్టు!"

"ఎంత మాటన్నారండీ!"

"వెళ్లవే! వెళ్లలేవు. అందుకే చెప్తున్నా, నిచ్చెన తెచ్చి పెట్టి, ఆ గాజు ఊడ్చి, మొహం కడుక్కుని వంట మొదలుపెట్టు. ఇవాల్టికి కొట్టన్లే. మిల్లర్లొస్తున్నారు."

"నేను వెళ్లక్కర్లేదండీ."

"అంటే?"

"ఫ్యూజు నా దగ్గర లేదు."

"లేదా? ఎక్కడ పడేశావు?"

"మీరన్నట్టే, నాకు చేతకాదు. నాకు ముందే తెలుసు. మీరు అది నా చేతిలో పెట్టి పట్టకారు కోసం లోపలికి వెళ్లినప్పుడు దారం చూశాను. మీమీద నేను చెయ్యెత్తలేనని అప్పుడే అనిపించింది. వసారాలో కూర్చుని ఉంది కదా, తీసుకెళ్లి రహమత్‌బీ చేతిలో పెట్టాను. దారం చూసింది. ఏడవలేదు. వెళ్లమని చెప్పాను, వెళ్లలేదు. లేచి బోర్డు దగ్గర నుంచుంది. మీరు అన్నదంతా వింది."

"అబద్ధం. అబద్ధమాడుతున్నావు. రహమత్... రహమత్‌బీ? అక్కడున్నావా?"

"ఉన్నానయ్యా."

"అమ్మా రహమత్! అది కోపంలో అన్న మాటమ్మా! బాలామణిని భయపెట్టడానికి అన్నాను. మదార్ బతికే ఉన్నాడు. పొద్దున కాలితో తడితే కదిలాడు. కదిలాడమ్మా, నా కళ్లతో చూశాను! కదిలినట్టే ఉంది. ఇదిగో తాళం, ఇదిగో, పడేస్తున్నా. తీసుకోవే బాలామణీ! పరిగెత్తు! నీళ్లు తీసుకెళ్లు, చెంబెడు నీళ్లు! నీళ్లు పట్టు వాడికి, మొహం తుడువు. మెల్లిగా ఎత్తు, డొక్కలు విరిగాయి, మెల్లిగా! తొందరగా వెళ్లవే, నీ పుణ్యముంటుంది!"

"వెళ్తున్నానండీ. ఈ గాజులో కాలు పడట్లేదు."

"తొక్కుకుంటూ వెళ్లవే! రహమత్‌బీ, నువ్వు కూడా వెళ్లమ్మా. నీ మొగుడు కదా. ఆ బోర్డు దగ్గరెందుకు? వెళ్లి చూసుకో. ఆ ఫ్యూజు అక్కడ పెట్టేసి... వద్దు, వద్దు! పెట్టకు! కింద పడెయ్యి. నేలమీద పడెయ్యి!"

"అమ్మగారూ, మీరు వెళ్లి కొట్టు తలుపు తియ్యండి. ఊక కొట్టు వంటింటి వెనకేగా, పిలిస్తే ఇక్కడికి వినపడుతుంది. బతికుంటే ఒక్కసారి నా పేరు పెట్టి పిలవమనండి, మూలిగినా చాలు, ఆయన గొంతు నాకు తెలుసు. అయ్యా, మీరు అరవకండి, నాకు వినపడాలి. ఆ పిలుపు వస్తే ఫ్యూజు నేలమీద పడేస్తాను, అంతదాకా నా చేతిలోనే ఉంటుంది."